ఒక జేబు కెమెరా, మూడు తీర్పులు: ఎవరి మాట వినాలి?

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన చరిత్ర ఉపాధ్యాయినిని. రామప్ప, లేపాక్షి వంటి ఆలయాలకు ఏటా మూడు నాలుగుసార్లు వెళ్లి, శిల్పాలను ఫొటోలు తీసుకుని, వాటి గురించి రాసుకోవడం నా అలవాటు. ఇంతకాలం ఫోనుతో సరిపెట్టుకున్నాను. పెద్ద కెమెరా మెడలో వేసుకుని తిరిగే ఓపిక లేదు కనుక చేతిసంచిలో పట్టే పలుచని డిజిటల్ కెమెరా కొనాలనుకుని ముగ్గురు నిపుణుల సమీక్షలు చదివాను. మొదటివారు సోనీ ఆర్‌ఎక్స్ 100 మార్క్ 3ను మించినది లేదన్నారు. రెండవవారు దాని జూమ్ చాలదని, అదే వరుసలోని మార్క్ 7 కొనమన్నారు. మూడవవారు ఆ రెండింటిలోనూ వెలుతురును ఫొటోగా మార్చే సెన్సర్ చిన్నదని, రికో జీఆర్ 3 ఒక్కటే అసలైన జేబు కెమెరా అని రాశారు. ముగ్గురూ అనుభవజ్ఞులే. నేను కొనేది పింఛను డబ్బుతో; మార్క్ 7 ధర మార్క్ 3 కంటే చాలా ఎక్కువ. ఎవరి మాట వినమంటారు? ఆ సమీక్షల ప్రతులను లేఖతో జతచేస్తున్నాను.
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు పంపిన ప్రతులను రెండుసార్లు చదివాను. ముగ్గురిలో ఎవరూ తప్పు చెప్పలేదు, కానీ ముగ్గురిలో ఎవరూ మీ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. సమీక్షలోని వాక్యాల కంటే ముందు అందులో అచ్చువేసిన ఫొటోలను చూడండి. మొదటివారి ఫొటోలన్నీ సాయంత్రం పూట ఇంట్లో, విందుల్లో, దీపాల వెలుతురులో తీసినవి. రెండవవారు ప్రయాణాలు చేసేవారు; వారి ఫొటోల్లో దూరపు కొండలు, పక్షులు, ఓడలు కనిపిస్తాయి. మూడవవారు వీధుల్లో నడుస్తూ ఎదురైన మనుషులను రెండడుగుల దూరం నుంచి తీస్తారు. ఎవరి పనికి ఏది కుదిరిందో దాన్నే వారు ఉత్తమమన్నారు. రామప్ప చూరు కింద నిలబడిన మదనిక శిల్పాన్ని, లేపాక్షి నాట్యమండపం పైకప్పు మీది చిత్రాన్ని వారిలో ఎవరూ తీయలేదు. కనుక వారి తీర్పును పక్కన పెట్టి, వారు కొలిచి చెప్పిన వివరాలను మాత్రం తీసుకుందాం. కొలత అందరికీ ఒకటే, ఇష్టం మాత్రం ఎవరిది వారిదే.

ముందు సెన్సర్ సంగతి చూద్దాం, ఎందుకంటే మూడవవారి వాదన మొత్తం దాని మీదే నిలిచింది. సోనీ కెమెరాలు రెండింటిలోనూ ఉన్నది ఒక అంగుళం రకం సెన్సర్. ఆ పేరు పాతకాలపు టెలివిజన్ కెమెరా గొట్టాల వెలుపలి కొలత నుంచి వచ్చింది, అంతే తప్ప సెన్సర్ అసలు కొలత 13.2, 8.8 మిల్లీమీటర్లు మాత్రమే. జీఆర్ 3లో ఉన్న ఏపీఎస్-సీ అనే పెద్ద రకం సెన్సర్ వైశాల్యంలో దానికి మూడు రెట్లకు కొంచెం ఎక్కువ. ఈ మాట నిజమే, కానీ సగం నిజం. సెన్సర్‌కు చేరే వెలుతురును లెన్స్ కూడా నిర్ణయిస్తుంది. ఎఫ్ సంఖ్య ఎంత తక్కువైతే లెన్స్ అంత ఎక్కువగా తెరుచుకుంటుంది. జీఆర్ 3 లెన్స్ ఎఫ్ 2.8 దగ్గర మొదలైతే, మార్క్ 3 లెన్స్ వెడల్పు కోణంలో, అంటే జూమ్ చేయనప్పుడు, ఎఫ్ 1.8 వరకు తెరుచుకుని, అంతే విస్తీర్ణం మీదికి దాదాపు రెండున్నర రెట్ల వెలుతురు పంపిస్తుంది. రెండింటినీ కలిపి లెక్కవేస్తే జీఆర్ 3కు మిగిలే లాభం రెండు రెట్ల లోపే. దాని లెన్స్ అంచుల వరకూ ఎంతో స్పష్టంగా ఉంటుందని మూడవవారు అన్న మాటను నేను ఒప్పుకుంటాను. అయితే దానికి జూమ్ లేదు. 28 మిల్లీమీటర్ల ఒకే కోణంతో (ఈ సంఖ్య ఎంత పెరిగితే దూరపు వస్తువు అంత పెద్దదిగా కనిపిస్తుంది), మీరు చూరు కింద నిలబడి తల ఎత్తి చూసే శిల్పం ఫ్రేములో ఒక మూలన చిన్నదిగా ఉండిపోతుంది.

ఇక మార్క్ 3, మార్క్ 7ల మధ్య పోటీ. మీ ఎంపిక నిజంగా తేలవలసింది ఇక్కడే. 2014లో వచ్చిన మార్క్ 3 జూమ్ 24 నుంచి 70 మిల్లీమీటర్ల వరకు, 2019లో వచ్చిన మార్క్ 7 జూమ్ 24 నుంచి 200 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. అంత పొడవైన జూమ్‌ను జేబులో పట్టేలా చేయడానికి తయారీదారు వెలుతురును వదులుకోవలసి వచ్చింది. మార్క్ 3 లెన్స్ ఎఫ్ 1.8 నుంచి 2.8 మధ్య ఉంటే, మార్క్ 7 లెన్స్ ఎఫ్ 2.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. అంటే రెండు కొసల్లోనూ మార్క్ 7కు వెలుతురు దాదాపు రెండున్నర రెట్లు తక్కువ. చీకటి మండపంలో మార్క్ 3 ఐఎస్ఓ (అందిన వెలుతురును కెమెరా పెంచి చూపే మోతాదు) 800తో తీసే ఫొటోకు, అదే షట్టర్ వేగం (షట్టర్ తెరుచుకుని ఉండే సమయం) ఉంచాలంటే మార్క్ 7 ఐఎస్ఓ 2000 దాకా వెళ్లాలి; ఐఎస్ఓ పెరిగితే ఫొటోలో రవ్వలు వస్తాయి, రాతి మీది సన్నని ఉలి గీతలు ఆ రవ్వల మధ్య కొంత మసకబారతాయి. మొదటి నిపుణులు మార్క్ 7ను విమర్శించింది ఇందుకే. దీపాల వెలుతురులో ఆడుకునే పిల్లలను తీసే వ్యక్తికి ఆ విమర్శ అక్షరాలా సరైనది.

అయితే మదనిక కదలదు. శిల్పం మీ కోసం ఎంతసేపైనా నిలబడి ఉంటుంది కనుక, కోల్పోయిన వెలుతురును షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచి తిరిగి రాబట్టుకోవచ్చు. 200 మిల్లీమీటర్ల జూమ్‌లో చేతితో పట్టుకుని తీస్తే షట్టర్ వేగం సెకనులో 200వ వంతు ఉండాలన్నది పాత లెక్క. మార్క్ 7లో చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు నాలుగు మెట్ల (ఒక్కో మెట్టుకు షట్టర్‌ను రెట్టింపు సేపు తెరిచి ఉంచవచ్చు) మేలు చేస్తుందని తయారీదారు ప్రకటించారు. అది పూర్తిగా నిజమైతే సెకనులో 12వ వంతు దాకా దిగవచ్చు. అందులో సగమే నిజమనుకున్నా 50వ వంతు దగ్గర ధైర్యంగా తీయవచ్చు. స్తంభానికి భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒకటికి నాలుగు ఫొటోలు తీస్తే వాటిలో ఒకటైనా స్పష్టంగా వస్తుంది.

మార్క్ 3లో లేని జూమ్‌ను మాత్రం ఏ ఉపాయమూ తిరిగి ఇవ్వదు. 70 మిల్లీమీటర్ల దగ్గర తీసిన ఫొటోను 200 మిల్లీమీటర్ల దృశ్యానికి కత్తిరిస్తే 2 కోట్ల పిక్సెళ్లలో మిగిలేవి సుమారు 25 లక్షలు. కంప్యూటర్ తెర మీద చూసుకోవడానికి అవి సరిపోతాయి. ఎ4 కాగితం నిండా అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేయాలంటే దాదాపు 87 లక్షలు కావాలి. మీరు ఎప్పటికైనా పుస్తకం వేయాలనుకుంటే ఈ తేడా పేజీ పేజీలోనూ కనిపిస్తుంది. శిల్పాలను తీసేవారికి దగ్గరితనం కావాలి. వెలుతురు తక్కువైనా ఓర్పుతో గట్టెక్కవచ్చు. ఈ కారణంగానే, ధర పక్కన పెడితే, నా మొగ్గు మార్క్ 7 వైపు.

మీ సమీక్షకులు ముగ్గురూ ఒక్క వాక్యంలో దాటవేసిన వివరం ఒకటుంది. సోనీ కెమెరాల తెర పైకి లేస్తుంది. జీఆర్ 3 తెర కదలదు. తెర లేవడాన్ని సమీక్షకులు సెల్ఫీల సౌకర్యంగా మాత్రమే లెక్కించారు. పైకప్పును తీయాలంటే కెమెరాను ఆకాశం వైపు తిప్పాలి. అప్పుడు కదలని తెర నేల వైపు చూస్తుంది, మీరు దాని కింద దూరి మెడ విరుచుకోవాలి. లేచే తెర ఉంటే కెమెరాను నడుము దగ్గర పట్టుకుని, తల వంచి, పుస్తకం చదివినట్టు ఫ్రేమును సరిచూసుకోవచ్చు. లేపాక్షి చిత్రాలను మెడనొప్పి లేకుండా గంటసేపు తీయగలగడం మీ వయసులో చిన్న విషయం కాదు. ఎండలో తెర కనిపించనప్పుడు కంటికి ఆనించుకునే వ్యూఫైండర్ కూడా సోనీ రెండింటిలోనూ ఒక మూల నుంచి పైకి లేస్తుంది. జీఆర్ 3లో అది లేదు. మరోవైపు, జీఆర్ 3లో ఫ్లాష్ లేకపోవడాన్ని రెండవవారు పెద్ద లోపంగా రాశారు. పాత వర్ణచిత్రాల మీద ఫ్లాష్ వేయకూడదు, శిల్పం మీద వేస్తే లోతు చెరిగిపోయి రాయి అట్టముక్కలా కనిపిస్తుంది. కనుక ఆ లోపం మీకు లోపమే కాదు.

ఇలాగే సమీక్షకులు కెమెరాలకు వేసిన మార్కులను కూడా విడదీసి చూడండి. మార్క్ 7కు రెండవవారు వేసిన మార్కుల్లో పెద్ద భాగం సెకనుకు 20 ఫొటోలు తీయగల వేగానికి, కదిలే కంటిని వెంటాడే ఫోకస్‌కు, 4కే వీడియోకు వచ్చింది. వాటికి మీరు డబ్బు చెల్లిస్తారు కానీ వాడుకోరు. మొత్తం మార్కు ఎప్పుడూ సమీక్షకుడి అవసరాల సగటే. బరువు, మందం విషయంలోనూ అంతే: మార్క్ 3 బరువు 290 గ్రాములు, మందం 41 మిల్లీమీటర్లు, మార్క్ 7 సుమారు 302 గ్రాములు, 43 మిల్లీమీటర్లు, జీఆర్ 3 257 గ్రాములు, 33 మిల్లీమీటర్లు. చొక్కా జేబులో పెట్టుకునేవారికి ఆ 10 మిల్లీమీటర్లు ముఖ్యం, చేతిసంచిలో పెట్టుకునే మీకు కావు.

నిపుణులకు తెలిసే వీలు లేని విషయాలూ కొన్ని ఉన్నాయి. చాలా సమీక్షలు కెమెరా విడుదలయ్యే రోజుకే సిద్ధం కావాలి. అంటే వారు దాన్ని వాడింది కొన్ని రోజులు, మహా అయితే కొన్ని వారాలు. ఏడాది తరువాత ఏమవుతుందో కొని వాడుకున్నవారే చెప్పగలరు. లోపలి నుంచి సాగివచ్చే లెన్స్ ఉన్న కెమెరాలన్నీ సాగినప్పుడల్లా కాస్త గాలిని, దానితో పాటు దుమ్మును పీల్చుకుంటాయి. జీఆర్ వరుసను ఏళ్ల తరబడి వాడినవారు సెన్సర్ మీద దుమ్ము గురించి తరచుగా ఫిర్యాదు చేస్తారు. బ్యాటరీ లెక్క కూడా ప్రయోగశాలదే. జపాన్ కెమెరా తయారీదారుల సంఘమైన సీపా ప్రమాణం ప్రకారం సుమారు 23 డిగ్రీల గదిలో, 30 సెకన్లకు ఒక ఫొటో చొప్పున తీస్తూ లెక్కిస్తారు. ఆ పద్ధతిలో మార్క్ 3కు 320, మార్క్ 7కు 260, జీఆర్ 3కు 200 ఫొటోలు వస్తాయి. ఒక్కో శిల్పం ముందు తెర వెలిగించి పది నిమిషాలు ఆలోచించే మీకు అన్ని రావు. ఏది కొన్నా రెండో బ్యాటరీ ధరను ముందే కలిపి లెక్కవేసుకోండి.

సమీక్షకులు అమ్ముడుపోయారేమో అన్న అనుమానం మీ లేఖలో లేదు, కానీ చాలామంది పాఠకులు అడుగుతుంటారు. తయారీదారు అరువిచ్చిన కెమెరాతో రాయడం, అమ్మకంపై కమీషన్ పొందడం ఈ రంగంలో మామూలే. అంతమాత్రాన రాసినదంతా అబద్ధం కాదు. ఫిల్ ఆస్కీ 1998లో మొదలుపెట్టిన డీపీరివ్యూ అనే కెమెరా సమీక్షల వెబ్‌సైటును 2007లో అమెజాన్ కొన్నది. కెమెరాలు అమ్మే సంస్థే యజమాని అయిన తరువాత కూడా పాఠకులు దాన్ని నమ్మారంటే, అన్ని కెమెరాలతోనూ ఒకే దృశ్యాన్ని ఒకే వెలుతురులో తీసి, ఆ ఫొటోలను పక్కపక్కన పెట్టి చూసుకునే అవకాశం ఇవ్వడం అందుకు ఒక పెద్ద కారణం. 2023 మార్చిలో దాన్ని మూసివేస్తామని ప్రకటించినప్పుడు ఎంతోమంది బాధపడ్డారు. అదే ఏడాది జూన్‌లో గేర్ పెట్రోల్ అనే మీడియా సంస్థ దాన్ని తీసుకుంది. ఎవరు చెప్పినా, మీ కళ్లతో సరిచూసుకునే వీలు ఇచ్చారా లేదా అన్నదే నేను మొదట చూస్తాను.

చివరగా, డబ్బు సంగతి. ఈ రాత్రి మీ ఫోనులోని గత రెండేళ్ల ఆలయ ఫొటోలను ముందు వేసుకుని కూర్చోండి. ఎన్నింటిలో శిల్పం చిన్నదై తరువాత కత్తిరించుకున్నారో, ఎన్నింటిలో చీకటి వల్ల ఫొటో పాడైందో రెండు గీతల వరుసలుగా కాగితం మీద వేయండి. మొదటి వరుస పొడవుగా ఉంటే మార్క్ 7కు పెట్టే అదనపు డబ్బు వృథా కాదు. రెండవది పొడవుగా ఉంటే మార్క్ 3 కొని, మిగిలిన డబ్బుతో మరో రెండు యాత్రలు చేసి రండి. ఆ కాగితం మీద గీతలకు నా మొగ్గు కంటే ఎక్కువ విలువ ఇవ్వండి.

ప్రశ్న: అమెరికా నుంచి సెలవులకు వస్తున్న మా అన్నయ్య తాను వాడిన ఆర్‌ఎక్స్ 100 మార్క్ 3ను నాకు తక్కువ ధరకు ఇస్తానంటున్నాడు. సమీక్షల్లో లెన్స్ అద్భుతమని రాశారు. ఇంకా ఏమైనా చూసుకోవాలా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సమీక్షకులు మెచ్చుకున్నది తమ చేతికి వచ్చిన లెన్స్‌ను. చిన్న కెమెరాల్లో కటకాలు ఎంతో సన్నని తేడాలతో అమరి ఉంటాయి. ఒకసారి కిందపడినా, తయారీలోనే కాస్త పక్కకు జరిగినా, ఫొటోలో ఒక మూల మిగిలిన మూడింటి కంటే మసకగా వస్తుంది. మీ సొంత మెమరీ కార్డు తీసుకెళ్లి, ఇటుకల గోడకు సూటిగా ఎదురుగా నిలబడి, జూమ్ వెడల్పులో ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి తీయండి. ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో నాలుగు మూలలనూ పెద్దవి చేసి పోల్చండి. నాలుగూ సమానంగా కాస్త మెత్తబడితే అది ఆ లెన్స్ స్వభావం. ఒక్కటే మసకైతే అది లోపం. తరువాత అపెర్చర్‌ను (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్ 11 వద్ద ఉంచి మబ్బులేని ఆకాశాన్ని తీయండి, సెన్సర్ మీద దుమ్ము ఉంటే బూడిదరంగు చుక్కలై కనిపిస్తుంది. వ్యూఫైండర్‌ను పదిసార్లు లేపి దించండి, లెన్స్ సాగేటప్పుడు గరగరమన్న చప్పుడు వస్తుందేమో వినండి. వారంటీ సాధారణంగా కొన్న దేశానికే పరిమితం, పైగా ఆ కెమెరా వచ్చి ఇన్నేళ్లయింది కనుక, విడిభాగాలు దొరుకుతాయో లేదో మీ దగ్గరి సర్వీసు కేంద్రంలో అడిగిన తరువాతే అన్నయ్యతో ధర మాట్లాడండి.