టెక్ సందేహాలు: బిస్కెట్ డబ్బాలో అపార్ట్‌మెంట్లు

ప్రశ్న: మా తాతగారు 1988లో మొదటి అపార్ట్‌మెంట్ కట్టారు. తర్వాత నాన్న, బాబాయ్ కలిసి ఇంకో పదకొండు కట్టారు. ఇప్పుడు ఆఫీసు ఖాళీ చేస్తున్నాం. రెండు బీరువాల నిండా డే బుక్కులు, అగ్రిమెంట్లు, చుట్టిపెట్టిన ప్లాన్లు ఉన్నాయి. ఒక బిస్కెట్ డబ్బాలో ఫ్లాపీలు, సీడీలు కూడా దొరికాయి. అన్నీ స్కాన్ చేయించి పారేద్దామంటున్నారు బాబాయ్. ఎక్కడ మొదలుపెట్టాలి?
(విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

బిస్కెట్ డబ్బాతో మొదలుపెట్టండి. తాతగారి డే బుక్కుకి తడి, చెద తగలకపోతే మీ మనవలు కూడా చదువుకోవచ్చు. 2003లో ఇంట్లో రాసిన సీడీకి ఆ భరోసా లేదు. మన ఇళ్లలో అందరూ పాత కాగితం గురించే బెంగపడతారు. ముందు పోయేవి మాత్రం ఫ్లాపీలు, సీడీలే.

ఫ్లాపీలు చదవడానికి యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఫ్లాపీ పెట్టే ముందు రెండు పనులు చేయండి. మూలనున్న చిన్న ప్లాస్టిక్ మీటను జరిపి రంధ్రం తెరుచుకునేలా పెట్టండి. అప్పుడు పొరపాటున కూడా దానిమీద ఏమీ రాయబడదు. తర్వాత ఇనప రేకు పక్కకి లాగి లోపల చూడండి. తెల్లగా బూజు కనిపిస్తే డ్రైవ్‌లో పెట్టొద్దు. ఆ ఫ్లాపీ గీసుకుపోవడమే కాదు, తర్వాత పెట్టేదాన్నీ డ్రైవ్ పాడుచేస్తుంది. అలాంటివి డేటా రికవరీ చేసేవాళ్లకు ఇవ్వడమే మంచిది. ఒక్కో ఫ్లాపీలో పట్టేది 1.44 ఎంబీయే కాబట్టి డబ్బా మొత్తం ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లో సర్దుకుంటుంది.

ఆ తర్వాత ప్లాన్లు చూడండి. నీలి గీతలతో ఉన్నవి అమ్మోనియా ప్రింట్లు అయ్యుంటాయి. వెలుతురు తగిలితే వెలిసిపోతాయి. నేనూ ఒకటి ఫ్రేము కట్టించి కిటికీ పక్కన తగిలించాను, ఇప్పుడు అందులో గోడలు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. వీటిని ఫొటోలతో కలిపి పెట్టొద్దు, ఫొటోలూ పాడవుతాయి. ఫోన్‌తో ఫొటో తీస్తే మూలలు వంగి కొలతలు తప్పుతాయి. ఇంజినీరింగ్ డ్రాయింగులు ప్రింటు తీసే షాపులో పెద్ద సైజు స్కానర్ ఉంటుంది. 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), గ్రేస్కేల్ (నలుపు తెలుపు ఛాయలు), టిఫ్ ఫైలు (నాణ్యత తగ్గకుండా దాచే రకం) అని అడగండి. పెళుసుబారిన ట్రేసింగ్ కాగితాన్ని పారదర్శకమైన ప్లాస్టిక్ కవరులో పెట్టి పంపమనండి, లేకపోతే రోలర్లలో చిరుగుతుంది. ఏ0 షీటు (సుమారు 84 × 119 సెం.మీ.) ఒకటి అలా స్కాన్ చేస్తే సుమారు 140 ఎంబీ వస్తుంది. రెండొందల షీట్లకు 28 జీబీ. ‘మరీ పెద్ద ఫైళ్లు’ అని షాపువాళ్లు జేపెగ్ (నాణ్యత తగ్గించి సైజు కుదించే రకం) చేసిస్తామంటే ఒప్పుకోకండి.

అగ్రిమెంట్ల చిత్తుప్రతులు ‘అను’ అనే పాతకాలపు తెలుగు ఫాంట్లలో టైపు చేసి ఉంటే, తెరిచినప్పుడు తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫైలు పాడైందని కొట్టేయకండి. ఆ ఫాంటు వేసి, ఫాంటు ఇమిడిపోయేలా పీడీఎఫ్ చేసుకోండి. వెతుక్కోవడానికి వీలుగా యూనికోడ్‌లోకి (ఇప్పుడు ఫోన్లలో, కంప్యూటర్లలో వాడే తెలుగు అక్షరాల్లోకి) మార్చిన ఇంకో ప్రతి ఉంచుకోండి. మధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటలు, అంకెలు ఆ మార్పిడిలో తారుమారు కావచ్చు. సర్వే నంబర్లు మాత్రం కంటితో సరిచూడండి.

ఇక బాబాయ్ గారి మాట. స్కాన్ అయ్యాక కూడా సంతకాలున్న అగ్రిమెంట్లు, మంజూరు ముద్ర ఉన్న ప్లాన్లు పారేయకూడదు. కోర్టు ముందుగా అడిగేది అసలునే. ఎలక్ట్రానిక్ రికార్డు చూపించాల్సి వస్తే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు నుంచి లెక్కించే, వేలిముద్ర లాంటి కోడు) రాయాలి. స్కాన్ చేసిన రోజే ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్‌లు తీసి ఒక టెక్స్ట్ ఫైలులో దాచుకుంటే, మధ్యలో ఎవరూ ఫైలు ముట్టుకోలేదని తర్వాత చూపించుకోవచ్చు.

ఫ్లాట్లు కొన్నవాళ్ల ఆధార్, పాన్ జిరాక్సులు కూడా ఆ కట్టల్లో ఉంటాయి. వాటిని విడిగా, పాస్‌వర్డ్ పెట్టి దాచండి. కుటుంబం వాట్సాప్ గ్రూపులో డ్రైవ్ లింకు పడేయడం మాత్రం వద్దు.

ప్రశ్న: ఆటోక్యాడ్‌లో (ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) గీసిన మా పాత డ్రాయింగు తెరిస్తే అక్షరాల మధ్య ప్రశ్నార్థకాలు వస్తున్నాయి. ఫైలు పోయినట్టేనా?
(హైదరాబాద్ నుంచి మరో పాఠకుడు)

పోలేదు. ముందు ఫైలుకు ఒక కాపీ తీసి దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదటి ఆరు అక్షరాలు ఏసీ1009 అయితే ఆటోక్యాడ్ రిలీజ్ (వెర్షన్) 11 లేదా 12 కాలానిది, ఏసీ1014 అయితే రిలీజ్ 14, ఏసీ1015 అయితే ఆటోక్యాడ్ 2000. ఆటోక్యాడ్ డ్రాయింగులు చూడటానికి ఉచితంగా దొరికే డీడబ్ల్యూజీ ట్రూవ్యూ ప్రోగ్రాంలో ఇలాంటివి చాలావరకు తెరుచుకుంటాయి. ప్రశ్నార్థకాలకు కారణం ఫాంటు. ఆటోక్యాడ్ వాడే ఎస్‌హెచ్‌ఎక్స్ (.shx) అనే సొంత రకం ఫాంట్లు డ్రాయింగులో ఇమిడి ఉండవు, పాత కంప్యూటర్‌లోనే ఉండిపోతాయి. ఆ హార్డ్ డిస్క్ ఉంటే అందులోని ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం తెచ్చుకోండి. స్ట్రక్చరల్ డ్రాయింగుల్లో ఇది చిన్న విషయం కాదు. కమ్మి వ్యాసం గుర్తు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం పడితే, పక్కనున్న 16 దేని కొలతో చదివేవాళ్లకు అర్థం కాదు. ఫాంటు దొరికేదాకా కాగితం ప్రింటు పక్కన పెట్టుకునే చదవండి.