1990 మియాటా టైమింగ్ బెల్ట్ మార్చేటప్పుడు క్రాంక్ పాడవకుండా ఏం చేయాలి?
1990 మాజ్దా మియాటా కారు కొన్నాను, షార్ట్ నోస్ క్రాంక్ (ముందు కొన పొట్టిగా ఉండే క్రాంక్‌షాఫ్ట్) అట, బెల్ట్ మార్చే టైమొచ్చింది, భయమేస్తోంది, అమ్మేయమంటారా అని అడిగారు కదా. అమ్మకండి. టెక్సాస్‌లో నేను నడిపేదీ అదే 1.6 లీటర్ల ఇంజనండి. ఆ క్రాంక్ దానంతటది పోవడం తక్కువ, ముందున్న పెద్ద బోల్టును ఎవరో విప్పి సరిగ్గా బిగించకపోతేనే ఎక్కువగా పోతుంది.

ముందు మీది షార్ట్ నోసేనా చూసుకోండి. 1991 మధ్యలో మాజ్దా ఈ క్రాంక్‌ను మార్చింది. క్రాంక్ ముందుండే పుల్లీ మీద నాలుగు గాట్లుంటే పాతది (షార్ట్ నోస్), ఎనిమిదుంటే కొత్తది (లాంగ్ నోస్), మధ్యలో ఎవరూ పుల్లీ మార్చకపోతే.

టైమింగ్ బెల్ట్‌ను తిప్పే పళ్ల చక్రాన్ని, అంటే స్ప్రాకెట్‌ను, క్రాంక్ ముక్కు మీద పట్టి ఉంచేది ఆ బోల్టు బిగువే. పక్కనుండే చిన్న కీ దాన్ని సరైన చోట నిలబెట్టడానికే తప్ప బరువు మోయడానికి కాదు. బిగువు తగ్గిందా, ఇంజన్ కొట్టే ప్రతి దెబ్బా కీ మీదే పడి, అది అరిగి, అది కూర్చునే గాడి వెడల్పై, స్ప్రాకెట్ ఊగుతుంది. అప్పుడు క్యామ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే సమయం) వెనక్కి జారుతుంది, ఇగ్నిషన్‌కు సిగ్నల్ ఇచ్చే సెన్సర్ కూడా క్యామ్‌తోనే తిరుగుతుంది కాబట్టి ఇగ్నిషనూ వెనకబడి బండి లాగడం మానేస్తుంది. ఇగ్నిషన్ టైమింగ్ చూసే టైమింగ్ లైట్ పెడితే పుల్లీ మీది 10 డిగ్రీల గుర్తు ఒకచోట నిలవదు. హెడ్ వెనకున్న ఆ సెన్సర్‌ను చివరి వరకూ తిప్పేసి ఉంటే మాత్రం అనుమానించండి, ఈ జబ్బును కప్పిపుచ్చడానికి అలా తిప్పేవాళ్లున్నారు.

నా కారు నాకంటే ముందే ఒక షాపులో బెల్ట్ మార్పించుకుంది, పాత కీనే మళ్లీ వేశారు. విప్పి చూస్తే కీ ఒక పక్క సన్నటి మెట్టులా అరిగింది, గోరు పెడితే తగులుతోంది. గాడి పెద్దగా పాడవలేదు గనక శుభ్రంగా తుడిచి, కొత్త కీ, కొత్త బోల్టు వేసి, సందులో లాక్‌టైట్ 660 (సందులు నింపి గట్టిపడే జిగురు) పూసి బిగించి, ఒక రోజంతా స్టార్ట్ చేయకుండా వదిలేశాను. ఇప్పటికీ గట్టిగానే ఉంది. గాడి బాగా తినేసి ఉంటే ఇది పనికిరాదు, అప్పుడు క్రాంకో ఇంజనో మార్చాల్సిందే.

మీ విషయంలో కీ, బోల్టు కొత్తవి కొని దగ్గర పెట్టుకున్నాకే పని మొదలుపెట్టండి. ఇంపాక్ట్ గన్‌తో బిగించనివ్వకండి, షాపులో అయినా సరే పక్కన నిలబడి టార్క్ రెంచ్ వాడించండి. షార్ట్ నోస్‌కు 80 నుంచి 87 ఫుట్ పౌండ్లు. ఆన్‌లైన్‌లో తరచూ కనిపించే 116–123 లాంగ్ నోస్ లెక్క, దాన్ని దీనికి వేస్తే బోల్టు పోతుంది. బిగించేటప్పుడు ఇంజన్ తిరగకుండా అయిదో గేర్‌లో పెట్టి, ఎవరినైనా బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకోమనండి.

ఇంకోటి, ఈ 1.6లో బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు, కాబట్టి పార్ట్‌లు వచ్చేదాకా ఆగడానికి టెన్షన్ పడకండి. పాత కీ తీశాక పక్క అంచు కనబడేలా ఫోటో తీసి పెట్టండి, చూసి చెబుతాను.