ఏబీసీడీలన్నీ వచ్చు, చదవడం మాత్రం రావడం లేదు: మా అబ్బాయితో నా అనుభవం

మీ పాప ఏబీసీడీలు తడబడకుండా చెబుతుంది, గుండ్రంగా రాస్తుంది, కానీ మూడక్షరాల మాట చూపిస్తే మౌనంగా ఉండిపోతుంది, ఏం చేయాలని అడిగారు. మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు నాదీ ఇదే బెంగ. ఆ తర్వాత వాడితో పాటు మరో నలుగురు పిల్లలను సాయంత్రాలు కూర్చోబెట్టుకుని నేర్పాను.

మా వాడు పాఠమంతా గడగడా చదివేవాడు. బొమ్మలు చేత్తో మూసినా ఆగలేదు. నాకెంతో సంతోషమేసింది. మర్నాడు అదే పాఠంలోని 'పిన్' అనే మాటను ఒక చీటీ మీద రాసి చూపించాను. చాలాసేపు చూసి "ఇది ఏ పేజీలో ఉందమ్మా?" అని అడిగాడు. అంతవరకూ వాడు విన్నది అప్పజెబుతున్నాడని అప్పుడు తెలిసింది. అక్షరం నుంచి మాటకు వెళ్లే దారి వాడికి మేమెవరమూ చూపించలేదు. మీ పాపకూ ఇలా ఒక చీటీ పెట్టి చూడండి.

తెలుగులో 'క' అక్షరం పేరూ అదే, పలుకూ అదే. ఇంగ్లిష్‌లో పేరు వేరు, పలుకు వేరు. 'పీ, ఐ, ఎన్' అని ఎంత వేగంగా అన్నా 'పిన్' రాదు. 'డబ్ల్యూ' అనే పేరులో 'వ' వినిపించనే వినిపించదు. ఒకరోజు తడి అనే అర్థమున్న 'వెట్' రాయమంటే మా వాడు వై, ఈ, టీ రాశాడు. 'వై' పేరు 'వ'తోనే కదా మొదలవుతుంది! వాడి తర్కంలో లోపం లేదు. ఆ కాగితం చూశాకే కొన్నాళ్లు పేర్లు పక్కనపెట్టి పలుకులు మొదలుపెట్టాను.

ఇక్కడ ఒక్క విషయంలో మాత్రం పట్టుబట్టండి. హల్లును పొల్లుగానే పలికించాలి. మన నోటికి హల్లు వెంట 'అ' దానంతటదే వచ్చేస్తుంది. 'ప, ఇ, న' అని నేర్పితే పిల్లలు కలిపి 'పైన' అంటారు, నా దగ్గర ఇద్దరు అలాగే అన్నారు. 'ప్, ఇ, న్' అని నేర్పితే 'పిన్' అంటారు. గుణింతం వచ్చిన పిల్లలైతే 'ప్'కు 'ఇ' చేరితే 'పి' అవుతుందని చెప్పగానే అందుకుంటారు. 'క్యాట్'లోని అచ్చుకు మాత్రం తెలుగులో విడిగా అక్షరం లేదు. దాన్ని మీ నోటి నుంచే పదేపదే వినాలి.

ఏ నుంచి జడ్ దాకా వరసగా వెళ్లనక్కర్లేదు. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అనే ఆరింటితో మొదలుపెట్టండి. అక్షరాల పలుకులతో చదవడం నేర్పే ఫోనిక్స్ పద్ధతిలో చాలాచోట్ల ఇవే ముందు నేర్పుతారు. ఈ ఆరూ పట్టుబడితే సిట్, టిన్, టిప్, ట్యాప్, న్యాప్, ప్యాన్, స్పిన్ అన్నీ చదవగలరు. అక్షరాలు 26 ఉన్నా ఇంగ్లిష్‌లో పలుకులు సుమారు 44. అందుకే 'షిప్'లోలా రెండక్షరాలు కలిసి ఒకే పలుకయ్యే మాటలు వస్తాయి. వాటికి ఇంకా సమయముంది. ఎస్, ఏ, ఐ, డీ అని రాసే 'సెడ్', ఓ, ఎన్, ఈ అని రాసే 'వన్' లాంటి మాటలు ఈ లెక్కకు లొంగవు. వారానికి రెండో మూడో గుర్తుపెట్టిస్తే చాలు.

రాత గురించి. చూసి రాసే పేజీలు తగ్గించి, విని రాసేవి పెంచండి. మీరు 'టిన్' అనండి, పాప నెమ్మదిగా విడదీసి పలుకుతూ ఒక్కో పలుకుకూ ఒక్కో అక్షరం పెట్టాలి. 'బోట్'ను బీ, ఓ, టీ అని రాస్తే ఎర్రసిరాతో కొట్టేయకండి, తను విన్నదంతా రాసింది. సరైన రూపం పక్కన మీరు రాసి చూపించండి. పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేవి చిన్న అక్షరాలే కాబట్టి వాటినే ముందు దిద్దించండి. చిన్న బీ, చిన్న డీ తారుమారు కావడం ఈ వయసులో మామూలే, మా వాడికి ఏడేళ్లు దాటే దాకా పోలేదు. బీకి ముందు నిలువు గీత, తర్వాత పొట్ట. డీని మాత్రం సీ రాసినట్టే మొదలుపెట్టి, పెన్సిల్ ఎత్తకుండా పైకి గీత లాగించండి. చేతికి ఈ తేడా అలవాటయ్యాక కంటి తికమక తగ్గింది.

రోజుకు పది నిమిషాలు మించనివ్వకండి. మా వాడికి ఆ ఆరక్షరాలకే మూడు వారాలు పట్టింది. నాలుగో వారంలో, నేను అడక్కుండానే, ఒక డబ్బా మీది మాటను 'ట్, ఇ, న్' అని వేలితో కూడుకుంటూ చదివాడు. మీ పాప పలుకులు విడివిడిగా చెప్పగలిగీ కలపలేకపోతోందా, లేక అచ్చు దగ్గరే ఆగుతోందా అన్నది గమనించి రాయండి. దాన్నిబట్టి తర్వాత ఏం చేయించాలో చెబుతాను.