శాలువాలు సరే, ర్యామ్ తుడిచిందెవరు?

ఐటీ డిపార్ట్‌మెంట్‌లో 31 ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. పాలిటెక్నిక్ చదువుల గురించి మీరు రాసే ఉత్తరాలకు ఈ పేజీలో జవాబులిస్తుంటాను. ఈసారి నాలుగు ఉత్తరాలు.

*సార్, నేను ఐటీ డిప్లొమా రెండో ఏడాది. మా డిపార్ట్‌మెంట్ న్యూస్‌లెటర్‌కి విద్యార్థుల వార్తలు, స్టాఫ్ వార్తలు పోగుచేసే పని నాకు అప్పగించారు. పాత సంచికలు తిరగేస్తే అన్నీ గెస్ట్ లెక్చర్లు, శాలువాలు, గ్రూప్ ఫొటోలే. ఈ సెమిస్టర్లో మా దగ్గర చెప్పుకోదగ్గదేమీ జరగలేదు. నాలుగు పేజీలు ఎలా నింపాలి?*
— ఒక విద్యార్థిని, కాకినాడ జిల్లా

ఆ నాలుగు పేజీలు అసలెందుకు వస్తున్నాయో ముందు చెప్తానమ్మా. ఎన్‌బీఏ, అంటే సాంకేతిక కోర్సుల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు. దాని గుర్తింపు కోసం కాలేజీలు పంపే నివేదికలో ‘సాంకేతిక పత్రికలు, వార్తాలేఖల ప్రచురణ’ అని ఒక అంశం ఉంటుంది. దానికీ కొన్ని మార్కులుంటాయి. అందుకే చాలాచోట్ల న్యూస్‌లెటర్ చదవడానికి కాక ఫైల్లో పెట్టడానికి పుడుతుంది. తనిఖీ బృందం వచ్చే వారం ముందు, రాత్రికి రాత్రి పాత తేదీలు వేసి మూడు సంచికలు తయారుచేసిన పాపం నా ఖాతాలోనూ ఉంది. వాటిని ఎవరూ చదవలేదు, నాతో సహా.

ఇక ‘చెప్పుకోదగ్గదేమీ జరగలేదు’ అన్నావు చూడు, ఆ మాట నేను నమ్మను. మా ల్యాబ్‌లో ఒక ఏడాది తొలకరి వానలకు గోడలు చెమ్మగిల్లాయి. సోమవారం పొద్దున స్విచ్‌లు వేస్తే తొమ్మిది సిస్టమ్‌లు ఆన్ కాలేదు. స్క్రీన్ నల్లగా ఉంది, లోపల్నుంచి బీప్ బీప్ అని కూత. మర్నాడే ప్రాక్టికల్స్. నాకు ఒకటే టెన్షన్. మా ల్యాబ్ అటెండర్ మాత్రం నిమ్మళంగా స్టోరులోంచి పాత న్యూస్‌పేపర్లు తెచ్చి నేలమీద పరిచాడు. నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి, ఒక్కో సీపీయూ మూత తీయించి, ర్యామ్ (మెమరీ కార్డు) బయటికి లాగించి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో తుడిపించాడు. ‘గట్టిగా రుద్దకండ్రా, పలక కాదది’ అని మధ్యమధ్యలో కేకలు. మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టేసరికి ఏడు లేచాయి. మిగతా రెండింటికీ కొత్త ర్యామ్ కొనాల్సి వచ్చింది.

ఆ నెల మా న్యూస్‌లెటర్‌లో ఏం వచ్చిందో తెలుసా? ‘క్లౌడ్ కంప్యూటింగ్‌పై గెస్ట్ లెక్చర్ ఘనంగా నిర్వహించబడినది.’ ఆ లెక్చర్లో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. రబ్బరు పొట్టుతో నిండిన ఆ న్యూస్‌పేపరు మాత్రం ఇప్పటికీ కళ్లముందుంది.

కాబట్టి నోట్‌బుక్ పట్టుకుని మొదట హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) గదికి వెళ్లకు. అటెండరు దగ్గరికి వెళ్లు. ఈ నెల ఏ సిస్టమ్ మొరాయించింది, ఎవరు బాగుచేశారు అని అడుగు. తర్వాత మీ సీనియర్లకు ఫోన్ చెయ్యి. పారిశ్రామిక శిక్షణకు ఊరు కాని ఊరు వెళ్లినవాళ్లు గదికి ఎంత కడుతున్నారు, మొదటి రోజు ఏ పని చేయించారు, డిప్లొమాలో చదివిన ఏ సబ్జెక్టు అక్కడ పనికొచ్చింది? ఇవి వచ్చే ఏడాది నీకే అక్కరకొస్తాయి. మీ క్లాసులో నెట్‌వర్కింగ్ ల్యాబ్‌లో మొదటిసారి కేబుల్ క్రింప్ చేసినప్పుడు, అంటే వైర్ల కొసలకు కనెక్టర్ బిగించినప్పుడు, ఎవరికి ఎన్ని కనెక్టర్లు పాడయ్యాయో రాయి. తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ అని పాఠం అప్పజెప్పినంత సులువుగా వైర్లు వరసలో నిలబడవు. మూడో వైరు పక్కన ఆకుపచ్చ కాకుండా నీలం ఎందుకొస్తుందో కనుక్కుని రాస్తే అదే మంచి వ్యాసం.

స్టాఫ్ వార్తలూ అంతే. ‘ఫలానా మేడమ్ చెన్నై తారామణిలోని ఎన్‌ఐటీటీటీఆర్‌లో (సాంకేతిక అధ్యాపకుల శిక్షణ సంస్థ) శిక్షణ పొందారు’ అని వదిలేయకు. వచ్చాక ల్యాబ్‌లో ఏం మార్చారు అని అడుగు. ఏమీ మార్చలేదంటే ఒక్క లైనుతో సరిపెట్టు. మేడమ్ ఏమీ అనుకోరు, వచ్చేసారి ఏదో ఒకటి మారుస్తారు కూడా. ఇక ఫొటోలో బొకే పట్టుకున్నవాళ్ల పేర్లు వేసినట్టే అటెండర్ పేరు కూడా వెయ్యి.

*మాస్టారూ, మా అమ్మాయి ఐటీ డిప్లొమా ఆఖరి ఏడాది. ఇంజినీరింగ్ చదివించాలని వాళ్ల నాన్న, ఉద్యోగంలో చేరతానని అమ్మాయి. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఏది మంచిది?*
— ఒక తల్లి, నల్గొండ జిల్లా

మీ ఉత్తరంలో అమ్మాయి ఉద్యోగం ఎందుకు కోరుకుంటోందో రాయలేదమ్మా. డబ్బు అవసరమా, చదువు మీద విసుగా? ముందు అది అడగండి.

ఇంజినీరింగ్ అంటే దారి ఈసెట్, డిప్లొమా వాళ్లు రాసే ప్రవేశ పరీక్ష. రాసి సీటు తెచ్చుకుంటే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. పరీక్ష 200 మార్కులకు: గణితం 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, బ్రాంచి సబ్జెక్టు 100. మా పిల్లలు బోల్తాపడేది బ్రాంచిలో కాదు, ఆ మొదటి 100లో. మొదటి ఏడాది లెక్కల పుస్తకం అప్పుడే అమ్మేసి ఉంటే ఇప్పుడు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోమనండి.

ఉద్యోగమే కావాలంటే మధ్యే మార్గం ఒకటుంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద డిప్లొమా వాళ్లను టెక్నీషియన్ అప్రెంటిస్‌లుగా ఏడాదిపాటు తీసుకుంటారు. దానికి నాట్స్ అనే ప్రభుత్వ అప్రెంటిస్ పోర్టల్లో పేరు నమోదు చేసుకోవాలి. ప్రతి నెలా స్టైపెండ్ ఇస్తారు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ (ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ) లాంటి సంస్థలు నోటిఫికేషన్లు ఇస్తుంటాయి, అందులో బ్రాంచి పేరు మాత్రం జాగ్రత్తగా చూసుకోవాలి. ఏడాది అయ్యాక సర్టిఫికెట్ వస్తుంది. అక్కడే ఉద్యోగం ఇవ్వాలన్న నిబంధన మాత్రం లేదు, ఆ ఆశ పెట్టుకోవద్దని వాళ్ల నాన్నకూ చెప్పండి.

నన్నడిగితే ఈసెట్ ఎలాగూ రాయించండి. ర్యాంకు చూశాక గొడవపడొచ్చు.

*సార్, ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌కి వెళ్లకుండానే సర్టిఫికెట్ ఇస్తామని ఒక సంస్థ అంటోంది. మా ఫ్రెండ్స్ ముగ్గురు డబ్బు కట్టేశారు. ఆ టైములో ఈసెట్‌కి చదువుకోవచ్చని వాళ్ల వాదన. నేనూ కట్టనా?*
— ఒక విద్యార్థి, అనంతపురం

వద్దు. మా రోజుల్లోనూ ఇలాంటి సంస్థలుండేవి. ఒక కుర్రాడు అలాగే కాగితం తెచ్చుకుని వైవాకు వచ్చాడు. ఎక్స్‌టర్నల్ (బయటినుంచి వచ్చిన పరీక్షకుడు) పెద్దగా ఏమీ అడగలేదు, ‘ఆఫీసు ఎన్నో అంతస్తులో ఉంది బాబూ?’ అన్నాడంతే. కుర్రాడు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

పెద్ద కంపెనీయే దొరకాలని లేదు. మీ ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే షాపు, స్కూళ్లకు వెబ్‌సైట్లు చేసిపెట్టే ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ఉన్నా చాలు. అలాంటి చోటికి అనుమతి ఇస్తారా అని ముందే మీ హెచ్‌ఓడీని అడిగి, రాతపూర్వకంగా తీసుకో. ఈసెట్ చదువు తెల్లవారుజామున.

*మాస్టారూ, మా ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఆన్ చేస్తే బీప్ బీప్ అంటోంది. షాపులో బోర్డు మార్చాలంటున్నారు. నిజమేనా?*
— ఒక పాఠకుడు, ఖమ్మం

చూశారా, పైన చెప్పిన కథ మీకోసమే రాసినట్టుంది. బోర్డుకు డబ్బు పెట్టేముందు ఒక రబ్బరు కొనండి. ప్లగ్గు పూర్తిగా పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు. సీపీయూ ఇనుప డబ్బాను ఒకసారి చేత్తో తాకి, రెండు పక్కలా క్లిప్పులు నొక్కి ర్యామ్ తీయండి. అంచును మెల్లగా తుడవండి. పొట్టును మెత్తటి బ్రష్‌తో దులపండి, నోటితో ఊదొద్దు, తేమ చేరుతుంది. మళ్లీ పెట్టేటప్పుడు ర్యామ్‌లో ఉన్న గాడి స్లాటులోని చిన్న గట్టుకు సరిపోవాలి, క్లిప్పులు టిక్కుమనేదాకా నొక్కాలి. అప్పటికీ కూస్తుంటే పక్క స్లాటులో పెట్టి చూడండి. అక్కడా కూస్తే, అప్పుడు షాపుకి.