చలికాలం ఏసీకి దుప్పటి కప్పాలా?

ఏసీ, ఫ్రిజ్ సందేహాలకు నెల్లూరు మెకానిక్ జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి చికాగోలో ఉంటాడు. అక్కడ చలి మొదలవగానే ఏసీ అవుట్‌డోర్‌కి కవరు తొడుగుతారట. మొన్న వచ్చినప్పుడు మాకూ ఒకటి తెచ్చాడు. దీపావళి తర్వాత మేము ఏసీ వాడం. శివరాత్రి దాకా కప్పి ఉంచమంటారా?
- ఒక పాఠకురాలు, మాగుంట లేఅవుట్, నెల్లూరు

జవాబు: కవరు మంచిదేనమ్మా, మన ఏసీకి మాత్రం కాదు. అసలు అది మీ అవుట్‌డోర్‌కి సరిగ్గా పట్టను కూడా పట్టదు, తొడిగి చూడండి. అమెరికాలో ఎక్కువ ఇళ్ళలో అవుట్‌డోర్ నేలమీద దిమ్మె వేసి కూర్చోబెడతారు. ఫ్యాను నెత్తిన ఉండి గాలిని పైకి కొడుతుంది. పైన జాలీ తప్ప మూత ఉండదు కాబట్టి ఎండుటాకులు, మంచు లోపలికి పడతాయి. అందుకు ఆ టోపీ. మనది గోడకు వేలాడే పెట్టె. ఫ్యాను ముందువైపు ఉంటుంది, పైన రేకు మూత ఉండనే ఉంది. వానలో తడిసినా ఏమీ కాకుండానే దాన్ని చేశారు.

చికాగోలో నీళ్ళు గడ్డకట్టే చలి. మన నెల్లూరులో జనవరి తెల్లవారుజామున కూడా 20 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఆ మాత్రం చలి మీ యంత్రానికి లెక్కలోకే రాదు. దాన్ని తినేది తడి. మిగతా ఊళ్ళకు జులై, ఆగస్టుల్లో వానలైతే మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సరిగ్గా ఏసీ ఆపేసి కవరు కట్టే రోజుల్లోనే గాలి నిండా చెమ్మ. అందులో యంత్రాన్ని మూటగడితే లోపలి తడి ఆరదు. పగలు ఎండకు వేడెక్కి, రాత్రికి చల్లబడి, కవరు లోపలి వైపు చెమట పట్టినట్టు నీళ్ళు కారతాయి.

ఒకసారి స్టోన్‌హౌస్‌పేటలో ఒకాయన ఫిబ్రవరి చివర ఫోన్ చేశాడు, ఏసీ ఆన్ కావడం లేదని. పోయి చూస్తే అవుట్‌డోర్‌కి బియ్యం బస్తాల మీద కప్పే పట్ట చుట్టి, నైలాను తాడుతో మూడు వరసలు బిగించి ఉంది. విప్పగానే ముక్కుపుటాలు అదిరే కంపు. ఎలుక లోపల కాపురం పెట్టింది. దూది, గోనె పీచు, ఎవరిదో పెళ్ళిశుభలేఖ ముక్కలు అన్నీ పేర్చి, ఫ్యాను మోటారు వైర్లు రెండు కొరికేసింది. కాయిల్ (వేడిని బయటికి వదిలే గొట్టాలు, రేకుల అల్లిక) మీద సున్నం చల్లినట్టు తెల్లటి పొడి. అల్యూమినియం చెమ్మకు చెడితే అట్టాగే ఉంటుంది. "జాగ్రత్తగా కప్పి పెట్టాను గదయ్యా" అన్నాడాయన. జాగ్రత్తే మరి, ఎలుకకు!

మీ అవుట్‌డోర్ మీద చెట్టు ఉన్నా, డాబా గొట్టం నీళ్ళు నేరుగా దాని మీద పడుతున్నా పైన మాత్రమే రేకు ముక్క ఒకటి కట్టించండి. నాలుగు పక్కలా గాలాడాలి. తుపాను హెచ్చరిక వస్తే ఆ రేకూ తీసి లోపల పెట్టండి, ఎగిరి ఎవరి మీదైనా పడుతుంది. డిసెంబరులో మబ్బుపట్టి ఉక్కపోసే రాత్రి ఒకటో రెండో వస్తుంది మనకు. కవరు ఉందన్న సంగతి మరిచి రిమోట్ నొక్కారంటే వేడి బయటికి పోయే దారిలేక కంప్రెసర్ ఉడికిపోతుంది. అబ్బాయి ముచ్చటపడి తెచ్చిన కవరు పారేయకండి, మీ గ్రైండరుకు తొడగండి.

ప్రశ్న: మా ఇల్లు సముద్రానికి కిలోమీటరు లోపే. ఏసీ పెట్టి మూడేళ్ళు. స్టాండు ఎర్రగా తుప్పుపట్టింది. ఈ చలికాలం వాడం కదా, పెయింటు వేయిస్తే సరిపోతుందా?
- ఒక పాఠకుడు, కొత్తపట్నం, ప్రకాశం జిల్లా

జవాబు: వేయించకండి. తుప్పు మీద రంగు వేస్తే కంటికి కనపడదు, అంతే, లోపల తినడం ఆగదు. మైపాడు వైపు ఒక ఇంట్లో స్టాండుకు నిగనిగలాడే నల్లరంగు ఉంది. స్క్రూడ్రైవర్‌తో మూలన పొడిస్తే ఇనుము అప్పడంలా పెళుసుగా రాలింది. ముప్పై కిలోల బరువు ఒక బోల్టు మీద, మిగతాది రాగి పైపు మీద ఆని నిలబడి ఉంది. కింద వాళ్ళ పిల్లలు సైకిలు తొక్కుతున్నారు. ఆ రోజు నా చేతులు వణికాయంటే నమ్మండి.

జింకు పూత వేసిన స్టాండు, స్టెయిన్‌లెస్ బోల్టులు కొత్తవి వేయించండి. ఖర్చు కొంచెం ఎక్కువే. ఆ తర్వాత కాయిల్. ఉప్పుగాలి దాని మీద పేరుకుంటూనే ఉంటుంది, ఏసీ ఆపేసినా ఆగదు. నెలకోసారి ఎంసీబీ (ఏసీకి కరెంటు ఇచ్చే స్విచ్చు) ఆపి, రెండు బకెట్ల మంచినీళ్ళు మగ్గుతో పైనుంచి కిందికి మెల్లగా పోయండి. వైర్లు వెళ్ళే పక్క మాత్రం తడపొద్దు. బోరు నీళ్ళు వద్దు, ఆరాక తెల్లటి పొక్కు కడతాయి. బండ్లు కడిగే ప్రెషరు గన్నూ వద్దు, ఫిన్స్‌ని, అంటే కాయిల్ మీది పలుచటి రేకుల్ని, కాగితాల్లా మడిచేస్తుంది. ఎవరైనా యాసిడ్ సీసా తీస్తే టీ ఇచ్చి పంపించేయండి.

ప్రశ్న: జనవరిలో ఆఫరని సర్వీసు చేయించాం. వచ్చినబ్బాయి పొద్దున్నే మీటరు పెట్టి "గ్యాస్ తగ్గింది, నింపాలి" అన్నాడు. పోయిన వేసవిలో బాగానే చల్లబడింది. నిజమేనా అన్నా?
- ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: మా వాళ్ళ గురించే కాబట్టి చెప్పడానికి మొహమాటంగా ఉంది, అయినా చెబుతా తమ్ముడూ. ఏసీ గ్యాస్ పెట్రోలు కాదు, వాడితే అయిపోవడానికి. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. లీకు చూపించకుండా నింపుతానన్నాడంటే మళ్ళీ వచ్చే ఏడాది కూడా ఆయనకు పని దొరికినట్టే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. గ్యాస్ ఒత్తిడి బయటి వేడిని బట్టి మారుతుంది. మే నెల మధ్యాహ్నం చూపించే అంకె జనవరి పొద్దున చూపించదు. గ్యాస్ అంతే ఉన్నా ముల్లు తక్కువలోనే నిలుస్తుంది. వేసవి లెక్క మనసులో పెట్టుకుని చూస్తే "తగ్గింది" అనిపించడం సహజం. అబ్బాయి మోసం చేశాడని నేను అనను, తెలియకపోయి ఉండొచ్చు. మీరు రాగి పైపు అవుట్‌డోర్‌లోకి వెళ్ళే చోట ఇత్తడి నట్టు చూడండి. దాని చుట్టూ నూనె మరక, మరక మీద దుమ్ము అంటుకుని ఉంటే లీకు అనుమానమే. సబ్బు నురగ పూస్తే బుడగలొస్తాయి. ఏమీ లేకపోతే మార్చి దాకా ఆగండి. నిజంగా నింపాల్సి వస్తే లీకు మూసి, పైపుల్లోని గాలి, చెమ్మ పంపుతో లాగేసి (వ్యాక్యూమ్ చేసి), పెట్టె మీద అతికించిన ప్లేటులో రాసిన బరువు ప్రకారం తూకం వేసి నింపాలి. ఇప్పటి కొత్త ఏసీల్లో ఎక్కువగా ఆర్32 గ్యాస్. దానికి మండే గుణం కొంచెం ఉంది, ఉజ్జాయింపు పనులు పనికిరావు.

ప్రశ్న: వాడని మూడు నెలలూ ఎంసీబీ ఆపేయాలా?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఆపండి. ఆన్‌లో ఉంటే ఏసీ లోపలి సర్క్యూట్ బోర్డు గోరువెచ్చగా ఉంటుంది, బల్లులకు అది చలిమంట. రెండు తీగల మీద కాళ్ళు పెట్టిందంటే బల్లీ పోతుంది, బోర్డూ పోతుంది. ఆపి ఉంచితే పిడుగుల వానల్లో కరెంటు ఎగిరిపడ్డా ఇబ్బంది లేదు. పదిహేను రోజులకోసారి మాత్రం మధ్యాహ్నం పూట ఆన్ చేసి పావుగంట నడపండి, నడిపే ముందు ఫ్యాను జాలీలోకి ఓసారి తొంగిచూడండి.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మన తీరం వెంబడే పోయి 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారం నాకు వచ్చిన ఫోన్లన్నీ ఒకటే: నీళ్ళు తగ్గాయి, ఆన్ చేయొచ్చా? అవుట్‌డోర్ నీళ్ళలో మునిగితే చేయొద్దు. పైకి ఆరినట్టు కనిపించినా సరే. బోర్డు, కనెక్షన్లు విప్పి ఆరబెట్టి, మెగ్గర్‌తో (కరెంటు లీకవుతోందా అని చూసే మీటరు) చూశాకే.

ప్రశ్న: మా అవుట్‌డోర్‌కీ గోడకూ మధ్య పావురం రెండు గుడ్లు పెట్టింది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, బాలాజీ నగర్, నెల్లూరు

జవాబు: ఇప్పుడు మీరు ఏసీ వాడటం లేదు కదమ్మా. పొదగడానికి 18 రోజులు, పిల్లలు ఎగరడానికి ఇంకో నెల. వెళ్ళిపోయాక ముక్కుకు గుడ్డ కట్టుకుని, రెట్టల మీద నీళ్ళు చల్లి నానబెట్టి తీయించండి, ఎండు రెట్టలు ఊడిస్తే పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తర్వాత పక్కల సందులకు జాలీ కొట్టించండి, యంత్రానికి గాలి ఆడేట్టు. అప్పటిదాకా ఎంసీబీ ఆపి, రిమోట్ మనవడికి అందకుండా దాచేయండి.