మీటర్ బోర్డు విప్పబోతున్న మేనకోడలికి

విజయనగరం

అమ్మడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు కారు మీటర్ బోర్డు తనే విప్పుతుందట, షాపుకి తీసుకెళ్లమంటే వినడం లేదు, కాస్త నువ్వైనా చెప్పు అన్నయ్యా" అంది. చెప్పమంటే మాన్పించమని అర్థం. నేను మాన్పించను. నా కొడుకులిద్దరికీ నా షాపు మెట్లెక్కడమే నామోషీ. వైరింగ్ మేస్త్రీ కొడుకులని ఎవరైనా అంటే మొహం మాడ్చుకునేవారు. ఇప్పుడు మనింట్లో ఒక ఆడపిల్ల సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటానంటే నేనెందుకు వద్దంటాను? ఈ కబురు మీ అత్తకి రాత్రి ఒకసారి, పొద్దున్న కాఫీ దగ్గర ఇంకోసారి చెప్పానట. "విన్నాను లెండి" అంది.

కానీ నిద్ర మాత్రం సరిగ్గా పట్టలేదు. ఫోన్ పెట్టేసే ముందు మీ అమ్మ ఇంకో మాట అంది. బాగుచేశాక ఆ కారులోనే ఒడిశాలో కోరాపుట్ పెళ్లికి వెళ్తారట, తోలేది నువ్వేనట. అంటే సాలూరు దాటి, పి.కోనవలస దగ్గర ఘాట్ ఎక్కడం మొదలుపెట్టి, సుంకి మీదుగా. ఆ ఘాట్ గురించి, ఆ మీటర్ గురించి ఫోన్‌లో చెబితే సగం విని "సరే మావయ్యా" అనేస్తావు. అందుకే రాస్తున్నాను.

ముందు రోగం ఏమిటో చూడు. మీ అమ్మ చెప్పినదాన్ని బట్టి నీ బండికి రెండు రోగాలున్నాయి, వాటిని ఒకటే అనుకోకు. కిలోమీటర్ల అంకెలు సగం సగం కనపడటం ఒకటి. ముళ్లన్నీ ఒకేసారి పడిపోవడం, డాష్‌బోర్డు మీద చేత్తో ఒకటి వేస్తే మళ్లీ లేవడం రెండోది. ఒక్క ముల్లే పడిపోతే ఆ ముల్లుదో, దాని సెండర్‌దో (ఇంజిన్ దగ్గరో, ట్యాంకులోనో ఉండి ముల్లుకి లెక్క పంపేది) తప్పు. అన్నీ కలిసి పడిపోతే వాటన్నిటికీ ఉమ్మడిగా ఉండేది చూడాలి, అంటే లోపలికొచ్చే కరెంటు, బయటికెళ్లే ఎర్త్. కాబట్టి స్క్రూడ్రైవర్ తీసే ముందు ఫ్యూజు చూడు. ఫ్యూజు కాళ్లు నల్లబడ్డాయేమో కూడా చూడు. బ్యాటరీ ఓల్టేజి చూడు: బండి ఆగి ఉన్నప్పుడు 12.6 దగ్గర, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే బాగున్నట్టే. డాష్‌బోర్డు కింద బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు విప్పి, కింద రేకు మెరిసేదాకా గీకి మళ్లీ బిగించు. మా షాపుకి మీటర్ చెడిపోయిందని వచ్చిన బండ్లలో మీటర్ విప్పకుండానే పంపించినవి చాలా ఉన్నాయి. అలా చేస్తే డబ్బులు తక్కువ వస్తాయని నా దగ్గర పనిచేసే కుర్రాళ్లు గొణిగేవారు.

మల్టీమీటర్ వాడు, టెస్ట్ ల్యాంప్ వద్దు. పాత బండ్లకి నేను బల్బుతోనే అన్నీ చూసేవాణ్ణి. కానీ ఎలక్ట్రానిక్ బోర్డు మీద ఆ బల్బు లాగే కరెంటుకి ఏదో ఒకటి కాలిపోతుంది.

ఇక విప్పడం. వీడియోల్లో చూసే ఉంటావు, పొడిగించను. అన్నిటికంటే ముందు కిలోమీటర్ల అంకెలు కనపడ్డప్పుడు ఫోటో తీసి పెట్టుకో. బ్యాటరీ నెగటివ్ తీసెయ్, పది నంబరు స్పానర్ చాలు. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉందేమో చూడు. ఉంటే బ్యాటరీ తీశాక వెంటనే చెయ్యి పెట్టకు, కనీసం పది నిమిషాలు ఆగు, ఆ పసుపుపచ్చ కనెక్టర్ల జోలికి పోకు. ఎండకి మాగిన ప్లాస్టిక్ క్లిప్పులు పుటుక్కున విరుగుతాయి, పొద్దున్న చల్లవేళ కన్నా కాస్త ఎండెక్కాక విప్పడం మేలు. స్క్రూలు మీ అమ్మ ఇడ్లీ ప్లేటు అడిగి, విప్పిన వరసలో గుంటకొకటి పెట్టుకో. కనెక్టర్‌ని లాక్ నొక్కి తియ్యి, వైర్లు పట్టి లాగావో నేనొచ్చి చెవి పిండుతాను. ముళ్లు మాత్రం పీకొద్దు. పీకితే మళ్లీ సరిగ్గా అదే చోట కూర్చోబెట్టడం నాలాంటివాడికే గగనం.

బోర్డు చేతికొచ్చాక వెనక కనెక్టర్ పిన్నులు చూడు. మీరు కళింగపట్నం సైడు ఉన్నన్నాళ్లూ ఆ కారు ఆరుబయటే ఉండేది. ఉప్పుగాలికి పిన్నులకి పచ్చగా చిలుం పట్టి ఉంటుందని నా అనుమానం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మెత్తటి బ్రష్‌కి తడిపి తుడువు. థిన్నర్ వాడకు, పైన అద్దంలాంటి ప్లాస్టిక్ తెల్లగా మసకబారిపోతుంది. తర్వాత బోర్డుని లైటు కింద ఏటవాలుగా పట్టుకుని, భూతద్దం పెట్టి ఆ కనెక్టర్ పిన్నుల టంకం చూడు. మంచి టంకం నున్నగా పిన్ను చుట్టూ ఎక్కి ఉంటుంది. పగిలినదానికి పిన్ను చుట్టూ వెంట్రుక మందాన నల్లటి గీత గుండ్రంగా కనపడుతుంది. పిన్నుని వేలితో నెమ్మదిగా కదిపితే ఆ గీత తెరుచుకుని మూసుకుంటుంది. నువ్వు చేత్తో కొట్టినప్పుడు ముళ్లు లేచేది ఆ గీత కలిసినప్పుడే. అలా పగిలినదానికి మళ్లీ టంకం పెట్టు: 25 వాట్ల ఐరన్, 60/40 (తగరం, సీసం) టంకం, అది బాగా అంటుకోవడానికి కాస్త ఫ్లక్స్. రెండు మూడు సెకన్లు వేడి తగిలితే చాలు, ఎక్కువసేపు పెడితే బోర్డు మీది రాగి గీత ఊడి వస్తుంది. బోర్డు ముట్టుకునే ముందు, ఒంటి మీది స్టాటిక్ కరెంటు పోయేలా, ఏదైనా ఎర్త్ ఉన్న ఇనుముని తాకు, నైలాన్ చున్నీ వేసుకుని కూర్చోకు.

అంకెల సంగతి వేరు. ఆ డిస్‌ప్లేని బోర్డుకి కలిపేది నల్లటి గీతల రబ్బరు పట్టీ అయితే, దాన్నీ అద్దం అంచునీ అదే ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ కూర్చోబెట్టు, చాలాసార్లు అంకెలు తిరిగొస్తాయి. అలా కాకుండా కాగితంలాంటి రిబ్బన్ అంటించి ఉంటే వదిలెయ్. వీడియోల్లో ఆ రిబ్బన్ మీద ఐరన్ పెట్టి రుద్దుతుంటారు. బాగైనవాటినే వీడియో తీస్తారు, మాడిపోయినవాటిని చూపించరు కదా. ఆ పని తెలిసినవాళ్లకి తర్వాత ఇద్దాం. కిలోమీటర్లు సగం కనపడితే కొంపేం మునగదు.

కొంప మునిగేది వేరే ముల్లుతో. మీ నాన్న కుడి ముంజేతి మీద మచ్చ చూశావు కదా? చిన్నప్పుడు అడిగితే వేడి గంజి పడిందని చెప్పాడు నీకు. గంజి కాదమ్మా అది. ఈ ఉత్తరం ఆయన చదివితే చదవనీ, ఇన్నేళ్లయింది, ఇంకా దాచేదేముంది.

నువ్వు పుట్టకముందు మీ నాన్న సాలూరు నుంచి అదే ఘాట్ మీదుగా పొట్టంగి వైపు జీపు సర్వీసు తోలేవాడు. సాలూరు అంటే లారీల ఊరు, నా షాపూ అప్పుడు అక్కడే. ఒకరోజు మీటర్ లైటు వెలగడం లేదని, నేను ఊళ్లో లేకపోయేసరికి, తనే విప్పి బల్బు మార్చుకున్నాడు. బల్బు వెలిగింది. మీటర్ మళ్లీ బిగించాడు. లోపల టెంపరేచర్ మీటర్ వైరు ఊడిన సంగతి చూసుకోలేదు. ముల్లు సి దగ్గర, అంటే ఇంజిన్ చల్లగా ఉందనే గుర్తు దగ్గర ఉంది. పొద్దున్న బండి తీసేటప్పుడు ఏ బండి టెంపరేచర్ ముల్లయినా సి దగ్గరే కదా ఉంటుంది, అనుమానం ఎలా వస్తుంది!

మే నెల ఎండ, బండి నిండా జనం, పైన ధాన్యం బస్తాలు. ఘాట్‌లో సగం దూరం ఎక్కాక వెనక కూర్చున్న ముసలాయన ఏదో మాడుతున్న వాసన వస్తోందన్నాడట. మీ నాన్న మీటర్ వైపు వేలు చూపించి "ఇంజిన్ చల్లగా ఉంది తాతా, అది బ్రేకు వాసన" అన్నాడు. ఎక్కేటప్పుడు బ్రేకు వాసన ఎందుకొస్తుందని అడిగేవాడు బండిలో లేడు. రేడియేటర్ హోస్ పగిలి నీళ్లు ఎప్పటినుంచో కారిపోతున్నాయి. బండి లాగడం తగ్గింది, సెకండ్ నుంచి ఫస్ట్‌కి వచ్చింది, ఇంజిన్ టకటకా కొట్టుకోవడం మొదలై ఒక మలుపులో ఆగిపోయింది. అప్పుడైనా ఆగాడా? తువ్వాలు చుట్టి రేడియేటర్ మూత తిప్పాడు. ఉన్న కాసిన్ని నీళ్లూ ఆవిరై ఎగదన్నాయి. మొహం పక్కకి తిప్పాడు కాబట్టి చెయ్యితో పోయింది.

నాకు కబురొచ్చి, దొరికిన లారీ ఎక్కి వెళ్లేసరికి పొద్దువాలింది. జనం వేరే బండ్లు పట్టుకుని వెళ్లిపోయారు. మీ నాన్న చేతికి తడిగుడ్డ చుట్టుకుని బస్తాల మీద కూర్చుని ఉన్నాడు, "మీటర్ బాగానే ఉంది బావా, ఏమైందో తెలియడం లేదు" అన్నాడు. నేను మీటర్ వెనక చెయ్యి పెట్టి తడిమితే ఆ వైరు దొరికింది. చివర టెర్మినల్‌తో సహా దుమ్ములో పడి ఉంది. తాళం ఆన్ చేసి వైరుని దాని చోట పెట్టాను. మా కళ్లముందే ముల్లు సి నుంచి లేచి కదిలింది. మీ నాన్న ఇంకేం మాట్లాడలేదు. హెడ్ గాస్కెట్ పోయింది, హెడ్ వంకరపోయింది, బండి మళ్లీ రోడ్డెక్కేదాకా మీ అమ్మ పుస్తెలతాడు తాకట్టులో ఉంది.

ఇదంతా మీ నాన్నని దెప్పడానికి కాదు తల్లీ. మన బండ్లలో ఎక్కువవాటికి ఆ వైరు తెగినా, ఊడినా ముల్లు సి దగ్గరే పడుంటుంది. డీజిల్ ముల్లు చచ్చిపోతే చాలా బండ్లలో ఖాళీ అని చూపిస్తుంది, భయపడి బంకుకి వెళ్తావు, నష్టమేమీ లేదు. టెంపరేచర్ ముల్లు చచ్చిపోతే అంతా చల్లగా ఉందంటుంది. ఆయిల్ లైటూ అంతే. బల్బు పోయి వెలగకపోయినా, ఆయిల్ ప్రెషర్ బాగుండి వెలగకపోయినా నీకు కనపడేది ఒకటే చీకటి.

అందుకని బిగించాక హ్యాండ్‌బ్రేక్ లాగి ఉంచి, తాళం స్టార్ట్‌కి ముందు మెట్టుదాకా (ఆన్) తిప్పి ఆగు. ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు, హ్యాండ్‌బ్రేక్ లైటు వెలగాలి. ఒక్కటి వెలగకపోయినా ఇంజిన్ స్టార్ట్ చేయకు, మళ్లీ విప్పు. స్టార్ట్ చేశాక ఆయిల్, బ్యాటరీ లైట్లు ఆరిపోవాలి. బ్యాటరీ లైటు బల్బు తీసి ఎల్‌ఈడీ పెట్టకు. పాత బండ్లు చాలావాటిలో డైనమో (బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్) మేలుకునేది ఆ బల్బు గుండా వెళ్లే కొద్దిపాటి కరెంటుతోనే, ఆ బల్బు లేకపోతే ఛార్జింగ్ మొదలుకాకపోవచ్చు. మీటర్ విప్పేసి బండిని అలాగే మార్కెట్‌కి తోలొద్దని చెప్పేదీ ఇందుకే. నీకు అలాంటి ఆలోచన ఉందని నాకు తెలుసు, నువ్వు మీ నాన్న కూతురివే.

తర్వాత చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ముల్లు సి నుంచి కదులుతుందా లేదా కూర్చుని చూడు. పావుగంటలో సగం దగ్గరికి రావాలి, కాసేపటికి ఫ్యాను తిరగాలి. కదలకపోతే, సెండర్‌కి ఒకే వైరు ఉన్న బండి అయితే, తాళం ఆన్‌లో పెట్టి ఆ వైరు పీకి ఇంజిన్ బాడీకి ఒక్క క్షణం తాకించు. ముల్లు హెచ్ (వేడి గుర్తు) వైపు లేస్తే మీటరూ వైరూ మంచివే, సెండర్ మార్చు. రెండు వైర్లు ఉంటే అలా తాకించకు, నాకు ఫోన్ చెయ్యి. ఇంకోటి, నీళ్లు పూర్తిగా కారిపోతే సెండర్ గాలిలో వేలాడుతూ మంచి మీటర్ కూడా తక్కువ చూపిస్తుంది. కాబట్టి ఘాట్‌లో ముల్లుతో పాటు ముక్కునీ నమ్ము. వాసన వస్తే పక్కకి ఆపు. మూత మాత్రం చల్లారేదాకా ముట్టుకోకు. ఎంతసేపైనా సరే, పెళ్లి ముహూర్తం దాటిపోయినా సరే.

ఎవరో పాత సామాన్ల షాపులో మీటర్ దొరుకుతుందని, కిలోమీటర్లు తక్కువ చేసి పెడతామని కూడా అన్నారట. బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న ఐసీలో ఆ లెక్క ఉంటుంది, మార్చేవాళ్లు ఉన్నారు, నాకు తెలుసు. నా షాపుకీ అడుగుతూ వచ్చేవాళ్లు, టీ తాగించి పంపించేవాణ్ణి. మీటర్ మార్చక తప్పకపోతే పాత లెక్క, మార్చిన తేదీ సర్వీసు పుస్తకంలో రాసి పెట్టు. రేపు ఆ బండి కొనుక్కునేవాడు టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చాలో ఆ అంకె చూసే కదా లెక్కేసుకుంటాడు.

నా ఐరన్, టంకం చుట్ట, భూతద్దం ఆర్టీసీ పార్సిల్‌లో వేశాను. రేపు సాయంత్రం శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో తీసుకో. ఐరన్ బిట్‌ని గరుకు కాగితంతో రుద్దకు, తడి స్పాంజి మీద తుడువు. డబ్బాలో మీ అత్త జంతికలు కూడా పెట్టింది, టంకం ముట్టుకున్న చేత్తో తినకు, అందులో సీసం ఉంటుంది, సబ్బుతో కడుక్కో.

పెళ్లికి నన్నూ పిలిచారు కదా. నేను ఇక్కడి నుంచి బస్సులో వచ్చి రామభద్రపురం జంక్షన్‌లో మీ బండి ఎక్కుతాను. ముందు సీటు నాది, మీ అమ్మకి ఇప్పుడే చెప్పి ఉంచు.

మీ మావయ్య