నాన్నగారి ఎంఆర్‌ఐలో ఊపిరితిత్తుల ధమని అంకె 18 శాతం అని వచ్చింది, సంతోషించవచ్చా?

మీరు అడిగినవి రెండు. నివేదికలో ఊపిరితిత్తుల ధమని "సాపేక్ష విస్తీర్ణ మార్పు 18 శాతం" అని రాశారు, 18 తక్కువే కాబట్టి ధమని పెద్దగా బిరుసెక్కలేదని అనుకోవచ్చా అన్నది ఒకటి. ఎంఆర్‌ఐ ఎలాగూ అయింది కాబట్టి గుండెలోకి కాథెటర్ (సన్నని గొట్టం) పంపే పరీక్ష మానుకోవచ్చా అన్నది రెండోది. రెండింటికీ నా జవాబు వద్దనే.

మొదటిది పూర్తిగా తలకిందులైంది. ఆ అంకె బిరుసుతనాన్ని చెప్పదు, సాగుదలను చెబుతుంది. గుండె రక్తాన్ని తోసినప్పుడు ధమని ఎంత ఉబ్బిందో చెప్పే శాతం అది. ఎక్కువ ఉంటే మంచిది. 2009లో వచ్చిన ఒక అధ్యయనం 40 శాతం దగ్గర గీత గీసింది. ఊపిరితిత్తుల్లో పీడనం పెరిగినవాళ్లలో 93 శాతం మంది ఆ గీతకు కిందే ఉన్నారు. పీడనం పెరగనివాళ్లలోనూ మూడో వంతుకు పైగా కిందే పడ్డారు, అది వేరే సంగతి. అందువల్ల 18 చూసి స్వీట్లు పంచే పని లేదు. అలాగని బెంబేలెత్తిపోనూ వద్దు, ఎందుకంటే ఆ 18 ఎలా పుట్టిందో మీ నివేదిక చెప్పడం లేదు. నేను పద్నాలుగేళ్లుగా ఎంఆర్‌ఐ యంత్రం దగ్గర టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఆ అంకె పుట్టే చోట కూర్చునేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను: దాన్ని యంత్రం సగమే తయారు చేస్తుంది. మిగతా సగం రోగి ఊపిరి, చిత్రంలో ధమని అంచు చుట్టూ గీత గీసే మనిషి చెయ్యి.

ఒకే రోజు, ఒకరి తర్వాత ఒకరు, ఇదే పరీక్షకు ఇద్దరు వచ్చారు. మొదటాయన అరవై దాటిన పెద్దమనిషి, జీవితమంతా ఈత నేర్పినవాడు. ఛాతీ మీద ఈసీజీ బిళ్లలు అంటిస్తుంటే, "ఊపిరి గురించి నాకు చెప్పొద్దు బాబూ, నిమిషంన్నర పడతాను" అన్నారు. మాకు కావలసింది పద్నాలుగు సెకన్లే. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, చేతిలో బంతి గంట పెట్టి లోపలికి పంపాను. ధమని మొదలును రెండు కోణాల్లో చూసుకుని, దానికి సరిగ్గా అడ్డంగా స్లైస్ (అడ్డకోత చిత్రం) పెట్టాను. అది ఏటవాలుగా పడితే గుండ్రంగా రావలసిన ధమని కోడిగుడ్డులా వస్తుంది, విస్తీర్ణం దొంగలెక్క అవుతుంది. అంతా సిద్ధం చేసుకుని "ఊపిరి బిగబట్టండి" అన్నాను.

నా తప్పు అక్కడే జరిగింది. వదిలేసి ఆపమని చెప్పాలి, నేను బిగబట్టమన్నాను. ఆయన బిగబట్టారు, అదీ ఈతగాడిలా. గుండెల నిండా పీల్చి, గొంతు మూసి, పొట్ట బిగించి. గాజు అద్దంలోంచి నాకు ఆయన పాదాలే కనిపిస్తాయి. వేళ్లు ముడుచుకోవడం చూశాను. తెర మీద గుండె వేగం 68 నుంచి 84కు ఎక్కింది. చిత్రాలు మాత్రం అద్దంలా వచ్చాయి. ఊపిరి కదలిక ఒక్కటీ లేదు. గీతలు గీస్తే సాగుదల 27 శాతం.

బాగున్న చిత్రాన్ని అనుమానించడం కష్టం. నేనూ అనుమానించేవాణ్ణి కాదు. కాకపోతే ఆ రోజు ఎడమ గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని ప్రవాహం కూడా తీయమన్నారు. దానికి మాత్రం ఆయన మామూలుగానే ఊపిరి పట్టినట్టున్నారు. ఒక్కో గుండె దెబ్బకు బృహద్ధమనిలో 72 మిల్లీలీటర్లు, ఊపిరితిత్తుల ధమనిలో 44. గుండె గోడల్లో రంధ్రం లేని మనిషికి ఈ రెండూ దాదాపు సమానం కావాలి. కుడి గుండె పంపిందే కదా ఎడమ గుండెకు చేరేది! ఆ పెద్దాయన ఛాతీలో పీడనం పెంచి, గుండెకు తిరిగొచ్చే రక్తాన్ని తానే అడ్డుకున్నారన్నమాట. రక్తం తక్కువ వెళితే ధమని ఏం ఉబ్బుతుంది?

మైకులో "ఈసారి మెల్లగా ఊపిరి వదిలేసి, అక్కడే ఆగండి సార్, బలవంతం చేయొద్దు" అన్నాను. "నలభై ఏళ్లు పిల్లలకు ఊపిరి పట్టడం నేర్పాను, నువ్వు వదిలేయమంటావా?" అని లోపలినుంచే కోప్పడ్డారు. అయినా చేశారు. ప్రవాహం 70కి వచ్చింది, సాగుదల 45. అదే మనిషి, అదే ధమని, పది నిమిషాల తేడా. మొదటి అంకెతో నివేదిక వెళ్లి ఉంటే ఆయన 40 గీతకు కిందపడి, లేని జబ్బు కోసం తిరిగేవారు.

తర్వాత వచ్చినావిడ ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో వచ్చారు. మామూలు సిలిండరును ఆ గదిలోకి తీసుకురాకూడదు, అయస్కాంతం లాగేస్తుంది. అందుకని గోడ నుంచి పొడవాటి గొట్టం వేశాం. ఆమెకు తొమ్మిది సెకన్లకు మించి ఆగడం కాలేదు. చిత్రాలు కాస్త మసకగానే వచ్చాయి. కానీ రెండు ప్రవాహాలూ సరిపోయాయి, 58, 56. సాగుదల 17 శాతం. బయటికి వస్తూ "అంత తక్కువ సేపు ఆపాను, సరిపోయిందా బాబూ?" అని అడిగారు. "బాగా వచ్చిందమ్మా" అన్నాను. నేనన్నది చిత్రం గురించి. ఆమె ముఖం విప్పారింది. సరిదిద్దడానికి నాకు నోరు రాలేదు. ఫలితం చెప్పడం మా పని కాదన్న నిబంధన ఆ రోజు చాలా సౌకర్యంగా అనిపించింది.

ఇక గీతల సంగతి. మేం తీసే ప్రవాహ చిత్రంలో ఒక్కో చుక్క మిల్లీమీటరున్నర ఉంటుందనుకోండి. 28 మిల్లీమీటర్ల ధమని అంటే అడ్డంగా పంతొమ్మిది చుక్కలు కూడా ఉండవు. అంచు నల్లగా తెగిపోయి ఉండదు, బూడిదరంగులో కరిగిపోయి ఉంటుంది. గీసేవాడు గీతను చుట్టూ ఒక్క చుక్క బయటికి జరిపితే విస్తీర్ణం 616 చదరపు మిల్లీమీటర్ల నుంచి 755కు పోతుంది. అంటే ధమని కదలకుండానే 22 శాతానికి పైగా "సాగింది". సాఫ్ట్‌వేరు తనంతట తాను గీస్తుందని అమ్మేవాళ్లు చెబుతారు. గీస్తుంది. ఒక్కోసారి పక్కనున్న బృహద్ధమనిని కూడా కలుపుకుని గీస్తుంది. ఇంత అవస్థపడి చివరికి నివేదికలో 18.37 శాతం అని దశాంశాలతో రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ .37 ఎక్కడినుంచి వచ్చిందో వాళ్లకైనా తెలుసా?

దీనికి విరుగుడుగా నాడీ తరంగ వేగం, అంటే గుండె దెబ్బకు ధమని వెంట పరుగెత్తే తరంగం వేగం, కొలవమంటారు. ధమని బిరుసెక్కేకొద్దీ తరంగం వేగంగా పోతుంది, ఆ సూత్రంలో తప్పు లేదు. కానీ ఊపిరితిత్తుల ధమని మొదలు అయిదు సెంటీమీటర్లే, వెంటనే రెండుగా చీలిపోతుంది. సెకనుకు రెండు మీటర్ల వేగంతో పోయే తరంగం ఆ దూరాన్ని 25 మిల్లీసెకన్లలో దాటేస్తుంది. మా చిత్రాలు ఒకదానికీ ఒకదానికీ మధ్య వ్యవధి కూడా దాదాపు అంతే. రెప్ప తెరిచేసరికి పరుగు అయిపోయింది. ఒకే స్లైస్‌లో ప్రవాహాన్నీ విస్తీర్ణాన్నీ కలిపి, దెబ్బ మొదలైన క్షణాల్లో వాటి వాలు చూసే పద్ధతి ఇంకొకటి ఉంది. పీడనం అక్కర్లేని తెలివైన పద్ధతి. కాకపోతే ఆ వాలును గీయడానికి చేతిలో ఉండేవి మూడు నాలుగు కొలతలే.

కాథెటర్ సంగతికి వస్తాను. అసలు బిరుసుతనం చెప్పాలంటే ధమని ఎంత సాగిందో ఒక్కటే చాలదు, ఎంత పీడనానికి అంత సాగిందో కావాలి. ఎంఆర్‌ఐ ఆ పీడనాన్ని నేరుగా కొలవలేదు. ఊపిరితిత్తుల అధిక రక్తపోటు అని పేరు పెట్టేది కూడా కాథెటర్ చెప్పిన సగటు పీడనాన్ని బట్టే. ఆ హద్దు చాలా కాలం 25 పాదరస మిల్లీమీటర్లుగా ఉండేది, 2018లో 20కి పైన ఉంటే చాలని నిపుణులు ప్రతిపాదించారు. పెరిగిన పీడనానికి మూలం ఎడమ గుండెలో ఉందా, ఊపిరితిత్తుల ధమనుల్లోనే ఉందా అన్నది తేల్చడానికీ అదే దారి, మందులు దాన్ని బట్టే మారతాయి. 1929లో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే జర్మన్ వైద్యుడు తన చేతి సిరలోంచి తానే గుండెదాకా గొట్టం పంపుకుని, ఎక్స్‌రే గదికి నడిచి వెళ్లాడు. 1956లో నోబెల్ బహుమతిలో వాటా కూడా అందుకున్నాడు. మీ నాన్నగారు అంత సాహసం చేయనక్కర్లేదు, పడుకుంటే చాలు.

ఎంఆర్‌ఐ దండగ అనడం లేదు. విశ్రాంతిలో పీడనం మామూలుగా ఉండి, వ్యాయామంలో మాత్రమే పెరిగేవాళ్లలో కూడా ధమని బిగుసుకోవడం అది పట్టుకుంటుంది. కుడి గుండె ఎంత అలసిందో దాన్ని మించి చూపేది లేదు. సూది లేకుండా మళ్లీ మళ్లీ చేయవచ్చు.

నివేదిక పట్టుకుని స్కానింగ్ తీసినచోటికి వెళ్లండి. ఊపిరి వదిలించి తీశారా, పీల్పించి తీశారా అని అడగండి. బృహద్ధమని ప్రవాహం కూడా తీసి ఉంటే రెండూ సరిపోయాయా అని అడగండి. చిత్రాలు కంప్యూటర్‌లో ఉంటాయి కాబట్టి పది నిమిషాల పని. సరిపోకపోతే మళ్లీ తీయమనండి. సరిపోతే ఆ 18ని నమ్మి, కాథెటర్ పరీక్షకు తేదీ ఎప్పుడో మీ డాక్టరుగారిని అడగండి.